సెలవు రోజు ఎవరిది? – స్త్రీలు, తీరిక, చిన్న విమానాలు



స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె విమానాల గురించి మొదలుపెట్టిందేమిటని మీకు అనిపించొచ్చు. కట్నం చావులు, ఇంట్లో హింస, కూలిరేట్లు, మరుగుదొడ్లు ఇన్ని ఉండగా సరదా కోసం ఎగిరే విమానాల ఊసు మనకెందుకు? ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పే ముందుకు వెళతాను.

1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణ ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కులని చెబుతుంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒప్పందం, మనం సీడా అంటున్నది, తన 13వ అధికరణలో వినోదంలోనూ క్రీడల్లోనూ సాంస్కృతిక జీవితంలోనూ స్త్రీలకు సమాన హక్కు ఉండాలంటుంది. మన దేశం ఆ ఒప్పందాన్ని 1993లో ధ్రువీకరించింది. అందులోని చదువు, ఉద్యోగం, ఆరోగ్యం, వివాహం గురించిన అధికరణలను పట్టుకుని మనం ఎన్నో పోరాటాలు చేశాం. 13వ అధికరణ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకే మొహమాటం. తీరిక అడగడం విలాసమనుకుంటాం. మిగిలినవన్నీ సాధించాక చివర్లో చూద్దామనుకుంటాం. కానీ తీరిక లేకపోవడం అసమానత వల్ల వచ్చిన ఫలితం మాత్రమే కాదు, ఆ అసమానతను నిలబెట్టే సాధనం కూడా. ఇది నాకు పుస్తకాల్లో కంటే స్పష్టంగా ఒక పచ్చిక మైదానంలో కనిపించింది.

కొన్నేళ్ల కిందట పరిశోధన పనిమీద ఇంగ్లండ్‌లో ఉన్నాను. నాకు ఆతిథ్యమిచ్చిన స్నేహితురాలు నర్సు. ఒక శనివారం నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పైలట్ల కూడికకు తీసుకెళ్లింది. ఆమె నడిపేది మైక్రోలైట్. పేరుకు తగ్గట్టే తేలిక విమానం. ఇద్దరు కూర్చునే మైక్రోలైట్ మనుషులతో, పెట్రోలుతో కలిపి 450 కిలోలు దాటకూడదని అక్కడ చాలాకాలం నియమం ఉండేది. 2021లో ఆ పరిమితిని 600 కిలోలకు పెంచారు. ఆమె విమానం గుడ్డ రెక్క కింద వేలాడే మూడు చక్రాల బండి. ముందు పైలట్, వెనక కాస్త ఎత్తులో ప్రయాణికురాలు, ఆమె వెనక ఇంజను. తలుపుల్లేవు, కిటికీల్లేవు. పైలట్ చేతిలో ఒక అడ్డకడ్డీ ఉంటుంది. దాన్ని దగ్గరికి లాక్కుంటే వేగం పెరుగుతుంది, ముందుకు నెడితే తగ్గుతుంది. తిరగాలంటే కడ్డీని పక్కకు నెట్టి తమ బరువును ఒకవైపుకు జరపాలి. గాలి కుదుపులున్న రోజున భుజాలు నొప్పి పుడతాయంది. బిందెలు మోసిన భుజాలకు అదేమంత కొత్త కాదని నేనన్నాను.

ఎగరడంలో మగతనం అవసరమైన పని ఏదైనా ఉందా అని నేను కళ్లు విప్పుకుని చూశాను. ఆమె ముందురోజు రాత్రి మ్యాపు పరిచి గీత గీసుకుంది. పొద్దున్నే గాలి వేగం, మేఘాల ఎత్తు చూసుకుంది. దిగబోయే మైదానం వాళ్లకు ఫోను చేసి అనుమతి తీసుకుంది. విమానం చుట్టూ తిరుగుతూ ప్రతి బోల్టునూ ప్రతి తీగనూ చేత్తో తాకి చూసింది. కావలసిందల్లా శ్రద్ధ, ఓర్పు, ముందుచూపు. ఆడవాళ్లలో ఇవి ఉన్నాయని పొగుడుతూనే వంటింటికి పంపుతారు కదా, ఆ గుణాలే. చట్టంలోనూ అడ్డు లేదు. కనీసం 25 గంటల శిక్షణ, అందులో 10 గంటలు ఒంటరిగా ఎగరాలి. పరీక్షలు పాసవ్వాలి. స్త్రీలకో నియమం, పురుషులకో నియమం లేదు.

మరి ఆ మైదానంలో ఏం చూశాను? వరసగా తాళ్లతో కట్టిన విమానాలు, వాటి పక్కన గుడారాలు. నడిపి వచ్చిన ఆడవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. వెనక సీట్లలో వచ్చినవాళ్లు, టీ కెటిల్ దగ్గర ఉన్నవాళ్లు, రొట్టెలు కాలుస్తున్నవాళ్లు, పిల్లల్ని రన్‌వే వైపు పోకుండా కాస్తున్నవాళ్లు. మేం దిగి హెల్మెట్లు తీశాక, విమానాల పేర్లు రాసుకుంటున్న పెద్దమనిషి మా ఇద్దరినీ చూసి "మీ పైలట్ ఎక్కడ?" అని అడిగాడు. దురుద్దేశంతో కాదు. ఎంతో మర్యాదగానే అడిగాడు. వివక్ష ఎప్పుడూ కోపంగానే మాట్లాడదు.

డబ్బు లేక రావడం లేదందామా? డబ్బు సమస్య నిజమే, వర్గ ప్రశ్నను నేను దాటవేయను. కానీ ఎగరడంలో చవకైనది ఇదే. నా స్నేహితురాలు మరో ముగ్గురితో కలిసి ఆ విమానం కొనుక్కుంది, ఖర్చు నలుగురూ పంచుకుంటారు. ఆ ముగ్గురూ మగవాళ్లే, ఆమె కంటే పెద్ద జీతగాళ్లేం కాదు. అసలు తేడా ఎక్కడుందని అడిగితే ఆమె ఒక్కమాటే చెప్పింది: "వాతావరణం."

దీన్ని కాస్త వివరించాలి. ఈ విమానాలు పగలే ఎగరాలి, నేల కనబడుతుండగానే ఎగరాలి. గాలి ఎక్కువైతే, మేఘం కిందికి దిగితే ఆగిపోవాలి. కాబట్టి ముందుగా రోజు ఖాయం చేసుకోవడం కుదరదు. బాగున్న రోజున బయల్దేరాలి, బాగాలేకపోతే మానుకోవాలి. దారిలో చెడిపోతే ఎక్కడో దిగి ఆ రాత్రి అక్కడే ఉండాలి. అంటే పైలట్‌కు కావలసింది రెండు గంటల ఖాళీ కాదు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఒక పూర్తి రోజు. "రేపటిదాకా రాలేను" అని ఫోను చేస్తే ఇల్లు దానంతట అది నడిచిపోయే భరోసా. సగటు మగవాడికి ఆ భరోసా భార్య రూపంలో ఉంటుంది. భార్యకు ఎవరున్నారు?

ఇది సౌకర్యం సమస్య మాత్రమే కాదు, ప్రాణాల సమస్య. ఎలాగైనా ఇల్లు చేరాలన్న తొందరలో చెడ్డ వాతావరణంలోకి వెళ్లడం చిన్న విమానాల ప్రమాదాలకు పేరుమోసిన కారణం. శిక్షణలో మొదటినుంచీ నూరిపోసేది ఇదే: తొందరపడకు, ఆగిపో. అయితే సాయంత్రం ఆరింటికల్లా వంట మొదలుపెట్టాల్సిన మనిషికి ఆగిపోయే స్వేచ్ఛ ఎక్కడిది? నా స్నేహితురాలు పిల్లలు పెద్దవాళ్లయి ఇల్లు విడిచాకే లైసెన్స్ తీసుకుంది. అంతకుముందు ఎగిరి ఉంటే తొందరపడేదాన్నని తనే చెప్పింది.

చరిత్ర చూసినా ఈ తర్కమే కనిపిస్తుంది. 1929 ఆగస్టులో అమెరికాలో స్త్రీల తొలి దేశవ్యాప్త విమాన పందెం శాంటా మోనికా నుంచి క్లీవ్‌లాండ్ దాకా జరిగింది. పత్రికల్లో దానికి పౌడరు అద్దుకునే కుచ్చు పేరు పెట్టి నవ్వారు. మార్వెల్ క్రాసన్ అనే పైలట్ దారిలో మరణిస్తే పందెం ఆపేయమన్నారు. మిగతావాళ్లు ఆపలేదు. పెద్ద విమానాల తరగతిలో లూయిస్ థాడెన్ గెలిచింది. ఆ నవంబరు 2న లాంగ్ ఐలాండ్‌లోని ఒక విమానాల షెడ్డులో 26 మంది స్త్రీ పైలట్లు కలిశారు. లైసెన్స్ ఉన్న 117 మందినీ పిలిస్తే 99 మంది వ్యవస్థాపక సభ్యులుగా చేరారు. సంఘానికి ఆ అంకెనే పేరుగా పెట్టుకున్నారు: నైంటీ-నైన్స్. నేటికీ ఉందది. 1933లో ఫ్లోరెన్స్ క్లింగెన్‌స్మిత్ చికాగో పందెంలో కూలి మరణించాక, 1934 జాతీయ పందేలలో స్త్రీలను రానివ్వలేదు. మగ పైలట్ చనిపోతే అది ప్రమాదం. ఆడ పైలట్ చనిపోతే అది స్త్రీజాతి అనర్హత! 1935లో స్త్రీలను మళ్లీ రానిచ్చారు. 1936లో థాడెన్, బ్లాంచ్ నోయిస్ కలిసి పురుషులతో పోటీపడి బెండిక్స్ పందెం గెలిచారు.

మనకు కులం ఎలా అడ్డో అక్కడ జాతి అలా అడ్డు. నల్లజాతి స్త్రీ బెస్సీ కోల్‌మన్‌ను అమెరికాలో ఏ శిక్షణ పాఠశాలా చేర్చుకోలేదు. ఆమె ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్లి 1921లో లైసెన్స్ తెచ్చుకుంది.

మన దగ్గర 1936లోనే సరళా థక్రాల్ చీరకట్టుతో జిప్సీ మాత్ విమానం నడిపింది. అప్పటికే ఆమె ఒక బిడ్డ తల్లి. ప్రేమ్ మాథుర్‌ను ఎన్నో విమాన సంస్థలు కాదన్నాక ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదు సంస్థ డెక్కన్ ఎయిర్‌వేస్. 2019లో ఆరోహి పండిత్ తేలికపాటి విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటింది. 2022 జనవరిలో 19 ఏళ్ల జారా రూథర్‌ఫర్డ్ అలాంటి విమానంలోనే ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. విమాన సంస్థల పైలట్లలో స్త్రీల శాతం మన దేశంలో ప్రపంచ సగటు కంటే రెట్టింపుకు పైగా ఉంది. గర్వించవలసిన విషయమే. కానీ ఇది ఉద్యోగం సంగతి. జీతం ఇంటికొస్తుందంటే ఆడపిల్ల ఆకాశానికి ఎగిరినా కుటుంబం ఒప్పుకుంటుంది. జీతం లేకుండా, ఎవరికీ ఉపయోగం లేకుండా, కేవలం తనకోసం ఎగురుతానంటే ఒప్పుకుంటుందా? విమానం దాకా ఎందుకు, ఆదివారం పూట ఒంటరిగా చెరువుగట్టున కూర్చుని వస్తానంటే ఒప్పుకుంటుందా?

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు 289 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. చేసే పురుషులు 88 నిమిషాలు. ఆదివారం ఆ భారం తగ్గదు. ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి పెరుగుతుంది కూడా. మన తీరిక ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కుక్కరు కూతకూ కూతకూ మధ్య పది నిమిషాలు, పిల్లలు పడుకున్నాక అరగంట. ఆ ముక్కల్లో టీవీ సీరియల్ పడుతుంది. విమానం పట్టదు, పుస్తకం పట్టదు, పోరాటం కూడా పట్టదు. మన సంఘాల సమావేశాలు సాయంత్రం అయిదింటికల్లా ఎందుకు ముగుస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆడవాళ్లకు సైకిలెందుకని అప్పుడూ వెక్కిరించారు. కానీ సైకిలు వాళ్లకు వాహనం మాత్రమే కాలేదు. బస్సు కోసం, భర్త కోసం ఎదురుచూడకుండా తమ సమయాన్ని తామే నిర్ణయించుకునే అధికారమైంది. నా దృష్టిలో సైకిలుకూ మైక్రోలైట్‌కూ ఉన్న తేడా ధరలోనే, సూత్రంలో కాదు.

కాబట్టి నా ప్రతిపాదనలు నేలమీదివే. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో కేడెట్లకు మైక్రోలైట్ ఎక్కే అవకాశముంది. మన ఆడపిల్లల్ని అందులో చేర్పిద్దాం. క్రీడామైదానాలు, ఈతకొలనులు, గ్రంథాలయాల్లో స్త్రీలకు వేళలూ మరుగుదొడ్లూ పిల్లల్ని చూసే ఏర్పాటూ అడుగుదాం. కనీస వేతనాలతోపాటు వారానికొక పూర్తి సెలవును ఇంటిపని కార్మికుల డిమాండ్లలో మొదటి వరుసలో పెడదాం. వాళ్లకు సెలవివ్వకుండా మనం తీరిక సంపాదించుకుంటే అది హక్కు కాదు, బదిలీ చేసిన చాకిరీ. ఇక ఇళ్లలో, నెలకొక రోజైనా కారణం చెప్పకుండా బయటికి వెళ్లే అలవాటు చేసుకుందాం. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అనే మూడు ప్రశ్నలకూ జవాబు లేని రోజు అది. ఆ రోజున ఇల్లు ఎవరు నడుపుతారన్నది ఇంట్లో మిగిలినవాళ్లు తేల్చుకోవలసిన విషయం.