ముగ్గు వేసే చెయ్యి



సంక్రాంతికి మా బాన్సువాడ సంఘం సభ్యులం 'పంట' అనే అంశం మీద ముగ్గులు వేసినం: వరికంకులు, ఎడ్లబండి, పొంగే కుండ. తలా ఒక కొత్త ముగ్గు నేర్పాలె అనుకున్నం. తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేసే మా పెద్దక్క 11 చుక్కలు పెట్టి, 6 వచ్చేదాకా సందుచుక్కలు పెట్టింది. చుక్కకు తగలకుండ మెలిక తిప్పి, మొదలుపెట్టిన కాడికే తెచ్చి కలిపింది. పదో తరగతి చదివిన నేను సగంలనే దారి తప్పిన.

"మన అక్షరాలు గూడ మెలికలే కదక్కా" అన్న. ముగ్గుపిండితోనే ఆమె పేరు నేలమీద రాయించినం. చాలాసార్లు చెరిపింది, మళ్లీ రాసింది. ఇప్పుడు సంతకం పెడుతున్నది.

మీ సంఘాలల్ల వేలిముద్ర వేసేవాళ్లుంటే వాళ్ల దగ్గర ఒక ముగ్గు నేర్చుకోండి. తర్వాత వాళ్ల పేరు రాయించండి.