దెబుస్సీ సంగీతము: అస్పష్టత యను అపవాదు



1874లో పారిస్ నగరమున మోనే మొదలగు చిత్రకారులు తమ చిత్రములను ప్రదర్శించినప్పుడు, అవి అసంపూర్ణములనియు, రూపము తేలనివనియు కొందరు విమర్శకులు ఇంప్రెషనిజమను పేరుతో పరిహసించిరి. పదుమూడేండ్ల పిమ్మట, 1887లో, క్లోద్ దెబుస్సీ యను యువస్వరకర్త రోము నుండి పంపిన వసంతగీతిని పరిశీలించిన ఫ్రెంచి కళా అకాడమీ పెద్దలు ఆ నిందనే సంగీతమునకును అంటగట్టి, ఈ అస్పష్టమగు ఇంప్రెషనిజము విషయమున జాగరూకుడవు కమ్మని హెచ్చరించిరి. ఆ అపవాదు నేటికిని పూర్తిగా తొలగలేదు. నేను మనవి చేయబూనిన దొక్కటే: మసక శ్రోతకు తోచునదే గాని, రచనలో ప్రతి స్వరమును కొలిచి కూర్చబడినది.

పాశ్చాత్యులు పెక్కు స్వరములను ఏకకాలమున పలికించి, ఆ స్వరసమూహమును కార్డ్ అందురు. దెబుస్సీకి పూర్వము ప్రతి కార్డునకును ఒక విధి యుండెను. ఒకటి ఉత్కంఠను రేపినచో, మరియొకటి దానిని శమింపజేయవలసినదే. మన విద్వాంసుడు స్వరకల్పనలో ఎంత దూరము విహరించినను ఎత్తుగడకు వచ్చి చేరునట్లు, వారి రచన సయితము ఎన్ని మలుపులు తిరిగినను ఆధారస్వరమును చేరి విశ్రమించెడిది. జర్మను స్వరకర్త వాగ్నర్ ఆ ఉత్కంఠను గంటలకొలది సాగదీసెను. దెబుస్సీ యన్ననో, ఆ విధినుండియే కార్డును విముక్తము గావించి, తరువాత రానున్న దానికొరకు గాక, తన నాదవర్ణము కొరకే అది వినబడునట్లు చేసెను. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనములో ఆయన వినిన జావాద్వీపపు గామెలాన్ వాద్యబృందము ఈ మార్గమున ఆయనకు గొప్ప ప్రోత్సాహమైనది.

1894 డిసెంబరు 22వ తేదీన పారిస్‌లో ప్రథమముగ వినిపింపబడి, సభవారి కోరికపై వెంటనే మరల వాయింపబడిన ‘వనదేవుని అపరాహ్ణము’ను చూడుడు. ఫ్రెంచి కవి మలార్మే కావ్యమునకు పూర్వరంగముగ కూర్చిన ఈ కృతి ఏ తోడును లేని ఫ్లూటుతో ఆరంభమగును. షడ్జమునకును ప్రతిమధ్యమమునకును గల దూరమంత స్వరము మెల్లగ జారి, మరల పైకెక్కును. పిమ్మట సుషిరవాద్యముల కార్డ్, హార్పు తంత్రులపై వ్రేళ్లు దొరలిన ధ్వని, హారన్ల పిలుపు; ఆపైన ఒక పూర్తి కొలత (బార్) నిశ్శబ్దము! ట్రంపెట్లు, ట్రోంబోనులు, భేరీలు లేవు. రెండు హార్పులును, జంట చిరుతాళములును మాత్రము అదనము. దేనిని విడువవలెనో, ఎచట ఊరకుండవలెనో ఇంత నిశ్చయముగ ఎరిగినవాని రచనను అస్పష్టమనుట యెట్లు?

1910లో వెలువడిన దెబుస్సీ ప్రెల్యూడుల (లఘుకృతుల) ప్రథమసంపుటిలోని ‘వ్వాల్’ అను పియానో రచన మనకు మరింత సన్నిహితము. అందు ఆద్యంతభాగములు ఆరు స్వరముల శ్రేణితో నిర్మితములు. మన 62వ మేళమగు ఋషభప్రియలో పంచమమును వర్జించినచో లభించు స్వరములు సరిగా ఇవియే. పొరుగుస్వరముల నడుమ అంతరము సర్వత్ర సమానమగుటచేత ఏ స్వరమును తక్కినవానిని తనవైపునకు లాగజాలదు. కనుకనే నిరాధారముగ తేలుచున్నట్లు మనకు తోచును. ఐనను అడుగున ఒకే మంద్రస్వరము ఇంచుమించు తుదివరకు మ్రోగుచునే యుండును. నడుమ కొన్ని కొలతలు మాత్రము నల్లమెట్ల ఐదు స్వరములతో ఉప్పొంగి, మరల మొదటి శ్రేణిలో లీనమగును. తేలుట మన అనుభవము. ఆ తేలికకు హేతువు గణితమువలె స్పష్టము.

1901లోనే జలక్రీడలను పియానోపై పలికించిన, ఇంప్రెషనిస్టుగనే ఎంచబడిన ఫ్రెంచి స్వరకర్త రావెల్ కూడ గడియారమంత కచ్చితముగ రచించువాడే. దెబుస్సీకి తనపై వేసిన ఈ ఇంప్రెషనిస్టు ముద్ర రుచింపనే లేదు. 1905లో వెలువడిన ఆయన ‘సముద్రము’ ఎంత దృఢమైన కట్టడమో విన్నవారికి విదితము.

కడపటి మాట. ప్రెల్యూడులలో ఆయన పేరును శిరస్సున ఉంచక, ప్రతి రచన తుదను చుక్కల తరువాత కుండలీకరణములలో ముద్రింపించెను. ఇది ఏమి చిత్రించుచున్నదని ముందుగా అడుగవలదనియే దాని భావమని నేను తలచెదను. కావున రసికులారా, ఈ రచనల రికార్డులు వినునప్పుడు కథను వెదకక, ఏ వాద్యము ఎచట ప్రవేశించినది, ఏ స్వరము విడువబడినది యని గమనింపుడు. ఆ అపవాదునకు సమాధానము మీ చెవులే చెప్పగలవు.