సీటు దొరికిన తరువాత: కార్మికుని బిడ్డకు గదీ, గ్రాసమూ
(కలకత్తా శివారు జనపనార మిల్లు ప్రాంతంలో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన ఒప్పందం, గ్రాట్యుటీ బకాయిలు, బద్లీ కార్మికుల పర్మినెన్సీ - ఇవి మన సమావేశాలలో నిత్యం చర్చించే విషయాలు. నేడు పిల్లల కళాశాల చదువు, వారి వసతి, వారి ఖర్చు గురించి మాట్లాడవలెనని కార్యవర్గం నన్ను కోరినది. ఇది ఇంటి విషయం గదా, సంఘానికేమి పని అని కొందరు అడిగినారు. నేను కూడ ఒకప్పుడు అట్లే అనుకొన్నాను. ఆ పొరపాటునే మొదట మీ ముందుంచుతాను.

2022లో మన స్పిన్నింగ్ విభాగపు కార్మికుడొకరు జూన్ నెలలో సంఘ కార్యాలయానికి వచ్చినారు. "బాబూ, అమ్మాయికి మంచి మార్కులు వచ్చినాయి, కాలేజీలో సీటు వచ్చేటట్టున్నది, డబ్బు సంగతి ఏం చేయమంటారు?" అని అడిగినారు. "ముందు సీటు రానివ్వవయ్యా, తరువాత చూద్దాం" అని నేను పంపివేసితిని. సీటు వచ్చినది. రుసుము చెల్లించుటకు నాలుగు రోజులు గడువు. హాస్టలు దరఖాస్తుకు గడువు అప్పటికే దాటినది. ఆదాయ ధ్రువపత్రం చేతికి వచ్చుటకు మూడు వారాలు పట్టినది. ఆ తండ్రి వడ్డీ వ్యాపారి వద్ద నెలకు నూటికి అయిదు చొప్పున నలబై వేలు తెచ్చినాడు. మరుసటి సంవత్సరం మిల్లు గేటుకు పని నిలిపివేత నోటీసు వ్రేలాడినది. రెండవ సంవత్సరం మధ్యలో అమ్మాయి చదువు ఆగినది.

లెక్క చూడండి. నలబై వేలకు నూటికి అయిదు చొప్పున నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేల వడ్డీ. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2021 జూన్ నెలాఖరున ప్రారంభించిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు పథకంలో అదే నలబై వేలకు నూటికి నాలుగు బారువడ్డీ చొప్పున ఏడాదికి పదహారు వందలు. ఆ పథకం అప్పటికి ఏడాదిగా అమలులో ఉన్నది. ఆ తండ్రికి తెలియదు. తెలియజెప్పవలసిన నేను చెప్పలేదు.

అసలు ఖర్చు ఎక్కడ ఉన్నదో మొదట గుర్తించవలెను. జాదవ్‌పూర్ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో బోధనా రుసుము స్వల్పం. కుటుంబాన్ని క్రుంగదీసేది గది అద్దె, భోజనం, ప్రయాణం. పైగా కళాశాలల ప్రవేశాలు వర్షాకాలంలో జరుగుతాయి. మన బోనసు దుర్గాపూజకు గాని రాదు. ఆ రెండు మూడు నెలల ఎడమే వడ్డీ వ్యాపారికి పంట.

ఇక పత్రాల విషయం. మన తాతలు శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుండి ఈ హుగ్లీ తీరానికి వచ్చినారు. మన పిల్లలు ఇక్కడే పుట్టినారు. అయినా రెండు రాష్ట్రాల తలుపుల నడుమ నిలబడవలసి వస్తున్నది. ఆంధ్ర, తెలంగాణలలో స్థానికులుగా పరిగణింపబడుటకు అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు అక్కడ చదివియుండవలెనన్నది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుండి వస్తున్న ప్రధాన నియమం. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అను ఆంధ్ర గిరిజన విద్యార్థి వైద్య కళాశాలలో రిజర్వుడు సీటు కోరగా, స్వరాష్ట్రపు గిరిజన హోదా మహారాష్ట్రలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. గనుక ఊరి నుండి తెచ్చిన కుల ధ్రువపత్రం ఇక్కడి రాష్ట్ర కళాశాలలో చెల్లునని చివరి రోజు వరకు నమ్మి కూర్చొనరాదు. ఏ సంస్థలో ఏ పత్రం పనికివచ్చునో ముందే విచారించవలెను. ఈ రాష్ట్రంలో నివాసాన్ని నిరూపించే కాగితాలు మాత్రం ప్రతి ఇంటా సిద్ధంగా ఉండవలెను. క్రెడిట్ కార్డుకు పదేండ్ల నివాసం షరతు.

ఆ పథకం క్రింద పది లక్షల వరకు రుణం లభిస్తుంది. తీర్చుటకు పదిహేనేండ్లు గడువు. హాస్టలు రుసుముకు, పుస్తకాలకు, కంప్యూటరుకు వాడవచ్చును. అయితే జీవన వ్యయానికి వాడదగిన భాగానికి పరిమితి ఉన్నది. దరఖాస్తు విద్యాసంస్థ ద్వారా ఉన్నత విద్యాశాఖకు, అక్కడి నుండి బ్యాంకుకు పోవలెను. చేరిన రోజే చేతికి డబ్బు వచ్చునని భావించరాదు. స్వామి వివేకానంద మెరిట్ కమ్ మీన్స్ ఉపకార వేతనానికి కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు మించరాదు. దానిని ఏటేటా పునరుద్ధరించుకొనవలెను. ఒక ఏడు మరచినవారు నష్టపోతారు. ప్రావిడెంట్ ఫండు విషయంలో, ఏడేండ్ల సభ్యత్వం ఉన్నవారు పిల్లల పై చదువుకు తమ వాటాలో సగం వరకు తీసుకొనవచ్చునన్నది 1952 పథకంలోని 68-కె నిబంధన. ఇటువంటి నిబంధనలను సడలించుటకు కేంద్ర ధర్మకర్తల మండలి 2025 అక్టోబరులో నిర్ణయించినది. దరఖాస్తు చేయునాటి నియమాన్ని అడిగి తెలుసుకొనండి. కాని ఆ నిధి మన ముసలితనపు కూడు. తక్కువ వడ్డీకి రుణం దొరికేచోట దానిని ముట్టవద్దని నా సలహా.

వసతి సంగతి. రైలులో రోజూ పోయివచ్చుట సాధ్యమైతే విద్యార్థి రాయితీ సీజను టిక్కెట్టే చౌక. కాని మూడు షిఫ్టుల మిల్లు లైనులో, ఒకే గదిలో ఆరుగురి నడుమ చదువు సాగదని మీకందరకు తెలిసినదే. అప్పుడు ప్రభుత్వ హాస్టలును మొదట ఆశ్రయించవలెను. అదైనా శాశ్వతమని తలచరాదు. ప్రెసిడెన్సీ విద్యార్థుల హిందూ హాస్టలును 2015లో మరమ్మతులకని మూసివేసి, పిల్లలను దూరాన రాజార్‌హాట్‌కు తరలించినారు. 2018లో విద్యార్థులు ఆందోళన చేసిన పిమ్మటనే కొంత భాగం తిరిగి తెరిచినారు. హాస్టలు లేనివారికి కాలేజీ వీధి, సియాల్దా పరిసరాల మెస్సులున్నవి. అడ్వాన్సు ఎంత, భోజనం కలిసినదా, సెలవులలో అద్దె కట్టవలెనా - ఈ మూడూ కాగితం మీద వ్రాయించుకొనక డబ్బు ఇవ్వవద్దు. అసలు సర్టిఫికెట్లను తమ వద్ద అట్టిపెట్టుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే విద్యాసంస్థలను ఆదేశించినది. ఇది గుర్తుంచుకొని ధైర్యంగా అడగండి.

తల్లులకు ఒక మాట. 2023 ఆగస్టులో జాదవ్‌పూర్ హాస్టలులో మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు ర్యాగింగ్ ఆరోపణల నడుమ మేడపై నుండి పడి మరణించినాడు. గది దొరికినది గదా అని మన బాధ్యత తీరదు. కొత్తవారికి ప్రత్యేక వసతి ఉండవలెనని 2009 నిబంధనలు చెపుతున్నవి. అది ఉన్నదా అని అడగండి. మొదటి నెల ప్రతిరోజు బిడ్డతో మాట్లాడండి. 1800-180-5522 అను నెంబరును వాని చేత కంఠస్థం చేయించండి.

చివరగా సంఘం చేయవలసిన పని. పన్నెండవ తరగతిలో ఉన్న పిల్లల జాబితాను ప్రతి శాఖ జనవరిలోనే తయారు చేయవలెను. ఫలితాలు రాకముందే ఆదాయ, నివాస పత్రాలు, ఆధార్‌తో జతపడిన బ్యాంకు ఖాతా సిద్ధం కావలెను. ప్రవేశాల నాటికీ, పూజా బోనసు నాటికీ నడుమ మన సహకార పరపతి సంఘం వడ్డీ లేని చేబదులు ఇవ్వవలెనని నేను ప్రతిపాదిస్తున్నాను. బోనసు రాగానే అది తిరిగి జమ కావలెను. లేనిచో మరుసటి ఏటి పిల్లలకు మిగలదు.

నేను వెనుకకు పంపిన ఆ కార్మికుని కుమార్తె నేడు ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నది. ఆదివారాలలో మన కార్యాలయానికి వచ్చి ఇతరుల పిల్లల దరఖాస్తులు నింపుతున్నది. ఆమెను చూచినప్పుడెల్లా నాకు తల వంగుతుంది. ఆమె తిరిగి చేరుటకు గల మార్గం కూడ మన జాబితాలో మొదటి పేరుగా వ్రాయండి. "తరువాత చూద్దాం" అను మాట ఇకపై మన కార్యాలయంలో వినబడకూడదు.