వేడినీటి గీజరు: దాని రోగములు

ధనుర్మాసపు తెల్లవారుజామున స్నానాలగదిలోనుండి "నీళ్లు కాగలేదు" అను కేక ఎన్నడును వినబడని ఇల్లు అరుదు. ఒకప్పుడు ఆ కేకకు సమాధానము పెరటిలో ఉండెడిది. పొయ్యిలోనికి మరి రెండు కట్టెలు త్రోసినచో కాగులోని నీరు కాగెడిది. కొందరి యిండ్లలో రాగి బాయిలరు ఉండెడిది. నడుమ గొట్టములో నిప్పు, చుట్టును నీరు. దాని లోపము కంటికి కనబడెడిది: నిప్పు ఆరియుండును, లేదా నీరు తరిగియుండును. నేడు గోడమీద తెల్లని డబ్బా యొకటి వ్రేలాడుచున్నది. అందులో నిప్పును కనబడదు, నీరును కనబడదు. చిన్న ఎఱ్ఱదీపము మాత్రము వెలుగును. అది చెడినప్పుడు మనము చేయునవి రెండే: మెకానిక్కును పిలుచుట, అతడు చెప్పినదానికెల్ల తల ఊపుట. తల ఊపుటకు ముందు ఇంటివారు తెలిసికొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి. వానిని మనవి చేసెదను.

నేను చెప్పబోవునది నీటిని నిలువ చేసి కాచు విద్యుత్తు గీజరును గురించి. గ్యాసు గీజరుల సంగతి వేరు. వానిని గాలి ఆడని స్నానాలగదిలో పెట్టరాదు అను ఒక్క హెచ్చరిక మాత్రము చేసి విడిచెదను. గ్యాసు సరిగా మండనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలుపు మూసికొని స్నానము చేయుచున్నవారిని అది చడి చప్పుడు లేకుండ చంపును.

విద్యుత్తు గీజరు లోపల ఉక్కు టాంకు ఉండును. దాని అడుగున సాధారణముగా 2000 వాట్ల ఎలిమెంటు. నిలువు గీజరునకు రెండు పైపులును అడుగునుండియే పోవును. నీలిగుర్తు గలదానిలో చన్నీరు అడుగుననే ప్రవేశించును. ఎఱ్ఱగుర్తు గలది లోపల టాంకు నెత్తివరకు సాగియుండి, పైన చేరిన వేడినీటిని అందుకొని బయటికి తెచ్చును. వేడినీరు తేలిక గనుక పైకి తేలుచుండును. అడుగున ప్రవేశించిన చన్నీరు దానిని త్రోయగా కుళాయిలోనికి వచ్చును. ఇది గుర్తున్నచో సగము రోగనిదానము తెలిసినట్లే. మేడమీది టాంకు ఖాళీ అయినప్పుడు గీజరు నిండ వేడినీరు ఉన్నను చుక్క రాదు. త్రోయువారు లేరు గదా!

ఒక చిన్న లెక్క కూడ చెప్పుదును. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీల సెంటిగ్రేడునకు కాచుటకు 2000 వాట్ల ఎలిమెంటునకు అరగంట పట్టును; ఒక యూనిట్టు విద్యుత్తు ఖర్చగును. మీ గీజరు బాగుగ ఉన్న రోజుననే గడియారము చూచి దాని సమయమును వ్రాసిపెట్టుకొనుడు. తరువాత ఎప్పుడైన అనుమానము కలిగినప్పుడు ఆ అంకె మెకానిక్కు మాటకంటె నమ్మదగిన సాక్ష్యము.

ఇక వేడినీరు రాలేదు అనుటలో పలువిధములు గలవు. బొత్తిగా కాగకపోవుట ఒకటి. దీపము వెలుగనిచో ముందు ప్లగ్గును, స్విచ్చిని, మీటరు దగ్గరి ఫ్యూజును చూడవలెను. కరెంటు వచ్చుచున్నను నీరు చల్లగానే ఉన్నచో ఎలిమెంటు తెగియుండును, లేదా కటౌటు విడివడియుండును. ఈ కటౌటు థర్మోస్టాటునకు పైన కావలివాడు. థర్మోస్టాటు బిగిసిపోయి నీరు మితిమీరి కాగునప్పుడు అది కరెంటును త్రుంచివేయును. మెకానిక్కు వచ్చి కటౌటు మీటను నొక్కి, "అయిపోయినదండీ" అని వెళ్లినచో పని అయిపోలేదు. అది ఎందుకు విడివడినదో అతడు చెప్పవలెను. మరల విడివడినచో థర్మోస్టాటును మార్చవలెనే గాని, కావలివానిని తప్పించి తీగలు కలుపరాదు.

రెండవది, మొదట వేడిగా వచ్చి ఒక చెంబులోనే చల్లబడుట. ఈ ఫిర్యాదునకు ఎలిమెంటు మార్చినవారు చాలమంది ఉన్నారు. ఆ డబ్బు వ్యర్థము. లోపలి ఎఱ్ఱగుర్తు గొట్టము తుప్పుతిని మధ్యలో విరిగినచో, పైన వేడినీరు ఉండగనే క్రింది చన్నీరు బయటికి వచ్చును. మా పొరుగువారికి క్రొత్త గీజరు బిగించిన నాటినుండియు గోరువెచ్చని నీరే. రెండు నెలలు తగవు నడచినది. తుదకు చూడగా ప్లంబరు నీలిగుర్తు పైపును ఎఱ్ఱదానికి, ఎఱ్ఱదానిని నీలిదానికి తగిలించినాడు. చన్నీరు నెత్తిమీద పడి వేడినీటితో కలిసిపోవుచుండెను. సవరించుటకు పావుగంట పట్టినది.

మూడవది, గీజరు కాగునప్పుడు గులకరాళ్లు ఉడికినట్లు చప్పుడు చేయుట. ఇది గార చేసిన పని. బోరునీటిలో కరగియున్న సున్నపు లవణములు కాచినప్పుడు గట్టిపడి ఎలిమెంటును పట్టుకొనును. త్రాగునీటికి భారతీయ ప్రమాణము ప్రకారము కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మంచిది. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అంగీకరింపబడును. హైదరాబాదులో ఒకే యింటికి కృష్ణనీరును, బోరునీరును వచ్చుట కలదు. గీజరునకు నదినీటిని ఇచ్చి, బోరునీటిని ఇతర పనులకు వాడుకొనగలిగినవారు అదృష్టవంతులు. గార పట్టినచో కరెంటు బిల్లు విపరీతముగా పెరుగునని చెప్పుదురు గాని, అది నాకు అతిశయోక్తిగా తోచుచున్నది. ఎలిమెంటులో పుట్టిన వేడి నీటిలోనికి గాక మరెక్కడికి పోవును? అసలు నష్టము వేరు. గార క్రింద ఉక్కిరిబిక్కిరియైన ఎలిమెంటు తానే మితిమీరి వేడెక్కి పగులును.

అందుచేత ఏడాదికొకసారి, బోరునీరు వాడువారు అంతకంటె ముందే, గీజరును విప్పించి శుభ్రము చేయించుట అవసరము. రాగిబిందెకు చింతపండు ఎట్లో ఎలిమెంటునకు పలుచని ఆమ్లము అట్లు, వినిగరు చాలును. లోపల పింగాణిపూత గల టాంకును ఉలితో గీకనీయరాదు. అప్పుడే మెగ్నీసియపు కడ్డీని కూడ చూపుమని అడుగుడు. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు, ఓడల అడుగున వేసిన రాగిరేకు ఉప్పునీటిలో చెడకుండ దానికి ఇనుము, జింకు ముక్కలు తగిలించు ఉపాయమును చెప్పెను. ఆ ముక్కలు తాము కరగి రాగిని కాపాడును. మన కడ్డీయు అట్లే కరగి టాంకును కాపాడును. పెన్సిలువలె సన్నబడినచో దానిని మార్చవలెను. కడ్డీ వెల టాంకు వెలలో స్వల్పము. దానిని గురించి ఎవరును చెప్పరు. తిరిగి బిగించిన తరువాత వేడినీటి కుళాయిలో ధార తెగకుండ వచ్చువరకు స్విచ్చి వేయరాదు. నీరులేని ఎలిమెంటు నిమిషములలో మాడిపోవును.

ఎలిమెంటు పగిలినప్పుడు కరెంటు నీటిలోనికి దిగును. ఇంటిలో 30 మిల్లీఆంపియర్ల లీకునకే విడివడు రక్షణ స్విచ్చి ఉన్నచో, గీజరు వేసినప్పుడెల్ల అది పడిపోవుట ఈ పగులునకు గుర్తు. దానిని చికాకుపుట్టించు వస్తువని తీసివేయించినవారిని నేనెరుగుదును. ప్లగ్గునకు మూడవదైన లావుపాటి కాలు ఎర్తు తీగది. ఆ తీగ నిజముగా భూమికి చేరినదో లేదో పరీక్షింపజేయవలెను. గోడలో మూడు రంధ్రములు ఉన్నంతమాత్రమున చేరినట్లు కాదు. నీరు కాగిన తరువాత స్విచ్చి ఆపి స్నానమునకు దిగుట మంచి అలవాటు.

చివరగా ఒక చుక్కనీటి సంగతి. మా బంధువు ఒకామె మూడవ అంతస్తులో ఉన్నది. చన్నీటి పైపు మొదట ఉన్న రక్షణ వాల్వునుండి ఉదయమున బొట్లు బొట్లుగా నీరు కారుచున్నదని ప్లంబరును పిలిచినది. అతడు ఆ రంధ్రమునకు మూత బిగించి, కారుట ఆపి, డబ్బు పుచ్చుకొని వెళ్లెను. నేను పండుగకు వెళ్లినప్పుడు ఆమె, "చూడన్నయ్యా, ఎంత బాగు చేసినాడో" అని చూపినది. నాకు గుండె ఆగినంత పనియైనది.

నీరు వేడెక్కినప్పుడు ఉబ్బును. 25 లీటర్లు 60 డిగ్రీలకు కాగునప్పటికి సుమారు మూడవవంతు లీటరు పెరుగును. వచ్చిన త్రోవను వెనుకకు పోనీయకుండ వాల్వు అడ్డగించును; కుళాయి కట్టియుండును. పెరిగిన నీరు పోవుటకు ఆ రంధ్రమొక్కటే దారి. సాధారణముగా చదరపు సెంటీమీటరునకు 8 కిలోల ఒత్తిడి దగ్గర అది తెరచుకొనును. దానిని మూసినచో టాంకు అతుకులు ప్రతిదినమును ఆ బలమును భరించుచుండవలెను. అదే రోజున థర్మోస్టాటు బిగిసి, కటౌటు పనిచేయనిచో నీరు నూరు డిగ్రీలు దాటును. టాంకు చీలిన క్షణమున ఆవిరిగా మారిన నీరు తన పరిమాణమునకు 1600 రెట్లకు పైగా వ్యాపించును. ఆ గదిలో మనిషి ఉన్నచో చెప్పవలసినదేమున్నది?

గీజరు కాగునప్పుడు మాత్రమే కారు బొట్లు ఆరోగ్యలక్షణము. స్విచ్చి ఆపి నీరు చల్లారిన తరువాతను రాత్రింబవళ్లు కారుచున్నచో వాల్వులో ఇసుక చేరియుండును, లేదా పంపు ఒత్తిడి ఎక్కువయైయుండును; అప్పుడు వాల్వును మార్చవలెనే గాని మూయరాదు.

నేను స్విచ్చి ఆపించి, నీరు పూర్తిగా చల్లారిన పిదప మూత తీయించితిని. ఆ రంధ్రమునకు సన్నని గొట్టము తగిలించి క్రిందికి దించితిమి. మా చెల్లెలు దానిక్రింద ఒక బకెట్టు పెట్టినది. వారము దినములకు అది సగము నిండుచున్నదట. ఆ నీటితో వసారా తుడుచుకొనుచున్నది.