చేప పలుకు సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



చెరువులో చేపలు తేలినవను వార్త వినవచ్చినంతనే గ్రామమంతయు గట్టు మీదికి చేరును. నీటిలో ఎవరో విషము కలిపిరను అనుమానము అందరికిని పుట్టును. చేప చచ్చినచో నీరు చెడినదనియు, చేప బ్రదికియున్నచో నీరు మంచిదనియు లోకము తీర్పు చెప్పును. ఈ తీర్పునందు మొదటి సగము కొన్నిమార్లు నిజము, కొన్నిమార్లు కాదు. రెండవ సగము మాత్రము ప్రమాదకరమైనది. చేపను సాక్షిగా నిలిపి శాస్త్రజ్ఞులు ఔషధములను పరీక్షించు విధానమును తెలిసికొన్నచో ఈ సంగతి విశదమగును.

ఔషధమునకును చెరువునకును సంబంధమేమి యని కొందరు అడుగవచ్చును. మనుష్యుడు మ్రింగిన మాత్ర యంతయు దేహములోనే హరించిపోదు. అందు కొంత భాగము మలమూత్రములతో బయటికి వచ్చి, మురుగు కాలువలో పడి, తుదకు వాగును, నదిని చేరును. పశువులకిచ్చిన మందులును, గడువు తీరినవని పారవేసిన మాత్రలును ఆ త్రోవనే పోవును. వీనికి తోడు మందుల కర్మాగారముల మురుగునీరు కలదు.

ఔషధము స్వల్పమైన మోతాదులోనే దేహముపై పనిచేయునట్లు కూర్చబడిన పదార్థము. అది నీటిలో కలిసిన తరువాత తన గుణమును మరచిపోదు. చేప మొప్పల గుండ నిరంతరము నీరు ప్రవహించుచుండును. ఆ నీటిలోని మందు మొప్పల పలుచని పొరలను దాటి నెత్తురులో ప్రవేశించును. మానవదేహములో మందులు పనిచేయు తావులలో నూటికి 86 వంతులకు సమానమైనవి జీబ్రాచేప దేహమునందును కలవని 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధనవలన తెలియుచున్నది. కావున మనుష్యుని కొరకు చేసిన మందు చేపను కూడ తాకుటలో ఆశ్చర్యము లేదు.

ఇక పరీక్షా విధానము. పారిస్ నగరమున ప్రధాన కార్యాలయము గల ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 1981లో దీనికొక నియమావళిని ఏర్పరచి, 1992లోను 2019లోను సవరించినది. దాని సంఖ్య 203. పెక్కు దేశములలో ఈ పరీక్షకు ఇదియే ప్రమాణము. జీబ్రాచేప, రెయిన్‌బో ట్రౌట్, బంగారుతీగ మొదలగు మంచినీటి చేపలను ఇందుకు వాడుదురు. వీనిలో జీబ్రాచేప ఈ దేశపు నీటిలో పుట్టినదే. గంగానది చేపలను వర్ణించుచు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీనిని లోకమునకు తెలియజేసెను.

మొదట ఆరోగ్యముగానున్న, సమానమైన పరిమాణముగల చేపలను ఎన్నుకొని, పరీక్షకు వాడబోవు నీటికే పలు దినములు అలవాటు చేయుదురు. పరీక్షకు కనీసము ఒక దినము ముందునుండి మేత మానిపింతురు. పిమ్మట తొట్లను వరుసగా అమర్చి, అయిదు తొట్లలో మందును అయిదు మోతాదులుగా కలుపుదురు. లీటరునకు 10 మిల్లీగ్రాములు, 20, 40, 80, 160 అనునట్లు ఒకదానికంటె ఒకటి హెచ్చుగా నుండును. ఆరవ తొట్టిలో మందు కలుపరు. ఒక్కొక్క తొట్టిలో ఏడు చేపలకు తక్కువ కాకుండ విడుతురు. 24, 48, 72, 96 గంటలకు తప్పక లెక్క చూచి, చచ్చినవానిని తీసివైచి, బ్రదికినవాని నడవడిని వ్రాసికొందురు. తోకమొదలు తాకినను చలింపక, మొప్పలాడింపక యున్న చేపనే చచ్చినదిగా ఎంచుదురు.

మందులేని ఆరవ తొట్టి యెందులకు? అదియే ఈ పరీక్షకు ప్రాణము. ఆ తొట్టిలో పదింట ఒకటికి మించి చేపలు చచ్చినచో పరీక్ష యంతయు చెల్లదు. ఏలయన, చావునకు కారణము మందు కాదు, మరియేదో అయియుండును. అట్లే నీటిలో కరగియుండు ప్రాణవాయువు, ఆ నీరు పట్టగల దానిలో నూటికి 60 వంతులకు తగ్గరాదు. గ్రామ చెరువులో వేసవినాడు తెల్లవారుజామున చేపలు తేలుటకు తరచు కారణము ప్రాణవాయువు కొరతయే. పగలు ప్రాణవాయువునిచ్చు పాచి రాత్రియందు దానినే పీల్చుకొనును. పరిశోధనశాలలో ఈ రెండవ కారణమును ముందుగా తొలగించి, తరువాతనే మందుపై నేరము మోపుదురు. గట్టుమీద నిలిచి తీర్పు చెప్పువారికిని ఈ నియమము వర్తించును.

నాలుగు దినముల లెక్క ముగిసిన పిదప, సగము చేపలను చంపు మోతాదు ఎంతయో గణితముచే నిర్ణయింతురు. దీనికి ఎల్.సి. 50 అని పేరు. ఈ సంఖ్య తక్కువైనకొలది విషము తీవ్రమైనదని యర్థము. మందునకు ఉపద్రవము లేదని ముందే తోచినచో, లీటరునకు 100 మిల్లీగ్రాముల ఒక్క మోతాదుతోనే చూచి, ఒక్క చేపయు చావనిచో అంతటితో ఆపివేయుదురు. అనవసరముగా ప్రాణులను బాధింపకుండుటకు ఇదొక మార్గము.

ఈ పరీక్ష నిరుపయోగమని చెప్పరాదు. ఒక దినమున కర్మాగారము గొట్టము పగిలినచో ఏమగునో, ఏ పదార్థమును ఎంత జాగ్రత్తతో తరలింపవలెనో ఇది తెలుపును. కాని సాక్షిని అడిగిన ప్రశ్నకే సాక్షి సమాధానము చెప్పును. ఇచట చేపను అడిగిన ప్రశ్న యొక్కటే: “నాలుగు దినములలో చచ్చితివా, లేదా?” లేదని చేప చెప్పినంత మాత్రమున, నలువది దినములకు దాని మూత్రపిండములు చెడవనిగాని, మరు సంవత్సరము దానికి పిల్లలు కలుగుననిగాని చెప్పినట్లు కాదు.

ఇందుకు కెనడాలో జరిగిన ప్రయోగము గొప్ప నిదర్శనము. వాయవ్య ఆంటేరియోలోని ఒక చిన్న సరస్సులో, సంతాన నిరోధక మాత్రలలోని స్త్రీ హార్మోనును 2001 మొదలు 2003 వరకు మూడు వేసవులు కలిపిరి. నీటిలో దాని పరిమాణము లీటరునకు 5, 6 నానోగ్రాములు మాత్రమే. సుమారు 250 ఎకరముల చెరువులో మీటరు లోతు నీరున్నదనుకొన్నచో ఆ నీరు నూరు కోట్ల లీటర్లు. అందులో 5 గ్రాముల మందు కలిపినచో ఈ పరిమాణమగును. ఇంత కొంచెపు మందు నాలుగు దినములలో ఒక్క చేపనైనను చంపదు. అయినను ఆ సరస్సులోని ఫాట్‌హెడ్ మిన్నో అను చిన్న చేపలలో మగవి ఆడుతనము పొందెను. జాతి యంతయు సరస్సునుండి అంతరించునంతటి స్థితికి వచ్చెను. కేరెన్ కిడ్డును ఆమె సహచరులును 2007లో ఈ ఫలితములను ప్రకటించిరి. మందు కలుపుట మానిన కొన్నేండ్లకు ఆ చేపలు మరల వృద్ధి పొందుట కొంత ఊరట.

నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ విషయమును ఇట్టిదే. లీటరునకు 5 మైక్రోగ్రాముల మందుగల నీటిలో 28 దినములుంచిన ట్రౌట్ చేపల మూత్రపిండములును మొప్పలును చెడినవని జర్మనీ పరిశోధకులు 2004లో చూపిరి. ఆ సంవత్సరమే, ఈ మందు వాడిన పశువుల కళేబరములను తిని రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని బయటపడెను. పశువైద్యమునకై దీనిని తయారుచేయుటను భారత ప్రభుత్వము 2006లో నిషేధించినది. పశువును బాగుచేసిన మందే రాబందునకు మృత్యువయ్యెను.

దూరదేశపు కథలతో పనిలేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులో, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడుచు కేంద్రమునుండి నీటిని తీసి స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. శుద్ధియైన పిదపనే ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. దినమునకు ఇంచుమించు 45 కిలోగ్రాముల మందు అట్లు పోవుచుండెనని వారి అంచనా. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోనికి, అటనుండి గోదావరిలోనికి పోవుచుండెను.

ఇప్పుడు చేపను అడుగుదురుగాక! లీటరునకు 100 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నను జీబ్రాచేపలకు హాని కనబడలేదని 2000లో ప్రకటింపబడిన డెన్మార్కు పరీక్ష చెప్పుచున్నది. చేప సాక్ష్యము ప్రకారము ఆ మందు నిర్దోషి. కాని అదే పరీక్షలో నీటిలోని నీలిపచ్చ పాచి కొద్ది మైక్రోగ్రాములకే కుంగిపోయెను. అంతకంటె గొప్ప కీడు కంటికి కానరానిది. అట్టి నీటిలో పెరుగు సూక్ష్మజీవులు మందునకు లొంగని శక్తిని సంపాదించుకొనును. పిమ్మట ఆ శక్తిగల సూక్ష్మజీవులు మనుష్యునికి సోకినచో వైద్యుని చేతి మందు పనిచేయదు. ఒక మందు మాత్రమేగాక ఆ మురుగునీటినంతటిని పరీక్షించినప్పుడు, 2009లో మరియొక సంగతి తెలిసెను: వేయి పాళ్లలో రెండు పాళ్లు ఆ మురుగు కలిసిన నీటిలోనే కప్పపిల్లల పెరుగుదల నూటికి 40 వంతులు తగ్గెను.

చేపలను ఇట్లు చంపుట ధర్మమా యను ప్రశ్న కూడ కలదు. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇంగ్లండు పండితులు మూడు సూత్రములు చెప్పిరి: ప్రాణికి బదులు వేరొక మార్గమును వెదకుట, ప్రాణుల సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట. ఆ ప్రకారమే 2013లో జీబ్రాచేప గ్రుడ్లతో చేయు పరీక్షకు నియమావళి సంఖ్య 236 వెలువడినది. గ్రుడ్డు ముద్దకట్టినదా, పిండము రూపుదాల్చినదా, తోక విడివడినదా, గుండె కొట్టుకొనుచున్నదా యని నాలుగు గురుతులు చూచి 96 గంటలలో తీర్పు చెప్పుదురు.

కావున మందును గూర్చిగాని, మురుగును గూర్చిగాని “చేపలకు హాని లేదు” అను మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలడుగవలెను: ఎన్ని దినములు చూచిరి? ఏ ప్రాణిని చూచిరి? చావును మాత్రమే చూచిరా, సంతానమును పెరుగుదలను కూడ చూచిరా? ఈ మూడింటికి జవాబు దొరకనిచో ఆ మాట సగము మాటయే. ఎవరికి వారుగా చేయవలసిన పనియు కలదు. మిగిలిన మాత్రలను చెరువులోగాని కాలువలోగాని పారవేయరాదు. వైద్యుడు చెప్పక పశువుకుగాని చేపల చెరువుకుగాని మందు వాడరాదు.

ఇట్టి ప్రశ్నలడుగు శక్తి చదువువలన కలుగును. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము దీపము వెలిగించుట అందులకే. నోరులేని చేప చెప్పగలిగినంత చెప్పును. అది చెప్పలేని మిగిలిన సగమును తెలిసికొని చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న గ్రామముది.