మూలము, ప్రతిబింబము, పూర్వరూపము



మన పొలముల పట్టాలు, సహకార సంఘముల చిట్టాలు, దేవాలయముల జమాఖర్చులు నేడు కంప్యూటరులలోనికి చేరుచున్నవి. పూర్వము కవిలెకు చెదలు పట్టిన కంటికి కనబడెడిది. డిస్కు చెడుటకు ముందట్టి సూచన యుండవచ్చును, లేకపోవచ్చును. కనుక లెక్కలెట్లు భద్రపడుచున్నవో వ్రాయసగానికే విడువక గ్రామపెద్దలును తెలిసికొనుట మేలు.

లినక్స్ అను కంప్యూటరు వ్యవస్థకై 1998వ సంవత్సరమున హైన్జ్ మావెల్స్‌హాగన్ అను నాతడు ఎల్‌వీఎం అను సాధనమును రచించెను. దాని పని మన సేద్యమునుబట్టి తెలియవచ్చును. అన్నదమ్ములు తమ పొలముల నడిమి గట్లు తీసి యొక కమతము చేసి, పిమ్మట తమకు వలసిన కొలతలలో మడులు కట్టుకొనినట్లు, ఈ సాధనము పెక్కు డిస్కులను ఒక్కటిగా చేర్చి, అందుండి వలసినంత భాగమును విడదీయును. అట్టి భాగమునకు వాల్యూమని పేరు. ధాన్యమునకు కుంచమువలె దీనికిని ఒక కొలత కలదు; వేఱుగా చెప్పనియెడల అది 4 మెగాబైట్లు.

ఈ వాల్యూములలో మూడు రకములను నేడు విచారింతము. మొదటిది లీనియర్. ఇది తాటాకు గ్రంథమునకు ఏకప్రతివంటిది. డిస్కు చెడినచో దానిపైనున్న లెక్కయు పోవును.

రెండవది మిర్రర్, అనగా ప్రతిబింబము. ఒకే లెక్క రెండు డిస్కులమీద వ్రాయబడును. ఒకటి చెడినను రెండవది నిలుచును. లీనియరును మిర్రరుగా మార్చుటకు ఎల్‌వీకన్వర్ట్ అను నాజ్ఞ కలదు. అందుకై పని నిలుపనక్కఱలేదు; ఒకరు గ్రంథము చదువుచుండగనే వేఱొకరు ప్రతి వ్రాసినట్లు, వాడుక సాగుచుండగనే రెండవ ప్రతి సిద్ధమగును. అయితే ప్రతి ముగియువఱకు రక్షణ లేదని మఱువరాదు. వలదనుకొన్నచో ఒక ప్రతిని తొలగించి మరల లీనియరుగా చేయవచ్చును. లేదా రెండవ ప్రతిని విడదీసి ప్రత్యేక వాల్యూముగా నుంచుకొనవచ్చును.

మూడవది స్నాప్‌షాట్. దీనిని పూర్వరూపమందము. తీసిన క్షణమున గ్రంథమంతయు ప్రతి వ్రాయబడదు. ఏ యాకునైన దిద్దబోవునపుడు, దాని పూర్వపాఠము ముందుగా వేఱొకచోట వ్రాయబడి, పిమ్మట దిద్దుబాటు జరుగును. నూఱాకుల గ్రంథమున ఐదాకులు మాత్రమే మాఱినచో ఇంచుమించు ఐదాకుల చోటు చాలును. ఆ చోటు నిండిపోయిన మాత్రము పూర్వరూపమంతయు నిరుపయోగమగును. కావున నిండకమునుపే పెంచవలెను. పాతస్థితి మరల వలసినచో, అదే యాజ్ఞతో పూర్వరూపమును మూలమున కలుపవచ్చును. అట్లు కలిపిన, స్నాప్‌షాట్ తీసిన పిమ్మట వ్రాసినదంతయు పోవును, స్నాప్‌షాటును మిగులదు.

ఇక అసలు సంగతి. ఒక సంఘమున వ్రాయసగాడు, రైతు చెల్లించిన బాకీ పద్దును పొరపాటున తుడిచివేసెననుకొందము. మిర్రరు ఆ తుడుపును కూడ తత్‌క్షణమే రెండవ డిస్కునకు చేర్చును. అద్దము ముఖమునందలి మచ్చను దాచదు గదా! ఉదయమున తీసిన స్నాప్‌షాటున్నచో ఆ పద్దు దొరకును, రైతు రెండవమాఱు చెల్లింపనక్కఱలేదు. ఆ రాత్రియే డిస్కు చెడినదనుకొందము. అపుడు స్నాప్‌షాట్ రక్షింపజాలదు; దిద్దని యాకులన్నియు మూలముననే యున్నవి గదా. అక్కడ మిర్రరే దిక్కు. మిర్రరుగా మార్చిన వాల్యూమునకు స్నాప్‌షాటును తీసినచో రెండు మేళ్లును కలుగును. కాని యిల్లే అగ్నిపాలైనచో ఈ రెండును దానితోనే పోవును.

కావున పెద్దలు లెక్కలు వ్రాయువారిని మూడు ప్రశ్నలడుగవలెను. డిస్కు చెడిన రెండవ ప్రతి యేది? చేయి తప్పిన పూర్వరూపమేది? ఇల్లే పోయిన వేఱొక యూరనున్న ప్రతి యేది? ఈ మూడవదానికి పైని చెప్పిన మార్పులేవియు చాలవు. విడిగా ప్రతి తీసి దూరమున దాచవలెను. ఒక యింట ప్రతి నశించినను వేఱొక యింట ప్రతి నిలిచినందున దక్కిన గ్రంథములు మనకెన్నియో కలవు. సాధనములు మాఱినను ఆ జాగ్రత్త మాఱలేదు.