పటము లేని యంత్రమును చదువుట



కావ్యమునకు మూలమని, వ్యాఖ్యయని రెండు గలవు. వ్యాఖ్య దొరకకపోయినను మూలము చేతనున్నంతవఱకు చదువు నిలిచిపోదు. పదములను విడదీసి, క్రియను పట్టుకొని, కర్త యెవ్వడు, కర్మ యేది యని ప్రశ్నించుకొనుచు పోయినచో అర్థము క్రమముగ తేటపడును. మన కళాశాలల ప్రయోగశాలలలో మూలబడియున్న పాత పవర్ సప్లైల సంగతియు నట్టిదే. వానితో వచ్చిన సర్క్యూటు పటములు ఏనాడో చెదలపాలైనవి. పటము లేదు గనుక బాగుపడదని వానిని పాతసామానులవానికి తూచి యిచ్చుచున్నారు. పటము వ్యాఖ్య మాత్రమే, యంత్రమే మూలము. ఈ మాటను సోదాహరణముగ మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

పవర్ సప్లై చేయు పని యేమి? గోడప్లగ్గునందలి 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును మనము కోరిన కొలది వోల్టుల ఏకముఖ విద్యుత్తుగ మార్చి, భారము పెరిగినను తగ్గినను మార్పు లేకుండ నిలుపుట. ఈ పనిని బట్టియే లోపలి వాక్యక్రమము నూహింపవచ్చును. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును. నాలుగు డయోడులు ప్రవాహమునకు ఒకే దిక్కు కల్పించును. పెద్ద కెపాసిటరు ఎగుడుదిగుడులను పూడ్చును. నియంత్రకము కొలిచి యాజ్ఞాపించును. ఇనుపరేకుపైనో అల్యూమినియపు రెక్కలపైనో బిగించిన పెద్ద ట్రాన్సిస్టరు ఆ యాజ్ఞను నెరవేర్చును. ఏ కంపెనీ చేసినను ఈ తరగతి యంత్రములలో క్రమము సాధారణముగ నిదియే.

మూత తీయుటకు ముందు ప్రాణరక్షణ చూచుకొనవలెను. ప్లగ్గును ఊడదీసినను పెద్ద కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును. 1 కిలో ఓము, 5 వాట్ల నిరోధకమును దాని రెండు కొనలకును అరనిమిషము తాకించి, పిమ్మట మీటరుతో చూచి, సున్నకు దిగినదని తెలిసికొని గాని చేయి పెట్టరాదు. మరల విద్యుత్తు నిచ్చునపుడు 60 వాట్ల తీగబల్బు నొకదానిని శ్రేణిలో కలుపవలెను. బల్బు క్షణకాలము వెలిగి మందగించినచో భయము లేదు. నిండుగ వెలుగుచునే యున్నచో లోపల నెచ్చటనో షార్టు కలదు.

ఇక ఉదాహరణము. సముద్రపుగాలి తగులు ఉద్దానపు ప్రాంతమున ఒక కళాశాలలో నిట్టి పవర్ సప్లై యుండెను. దాని ముఖముపై 7 మొదలు 25 వోల్టులవఱకు అంకెలు గలవు. కాని పిడిని ఎటు త్రిప్పినను 30 వోల్టులే వచ్చుచుండెను. తొమ్మిది వోల్టుల ప్రయోగము చేయు విద్యార్థి దీనిని నమ్మి కలిపినచో వాని పరికరము బూడిద యగును. ఆజ్ఞకు లోబడని యంత్రము ఆగిపోయిన యంత్రముకంటె అపాయకరము. ఎవరో పెద్ద ట్రాన్సిస్టరును రెండుమారులు మార్చియుండిరి. ఫలితము లేదు.

బోర్డు వెనుక దీపము నుంచి చూచినచో రాగిగీతలు తాటియాకుపై గంటపు వ్రాతవలె కనబడినవి. ఒక్కొక్క గీతను మీటరుతో సరిచూచుచు కాగితముపై నెక్కింపగా పటము సిద్ధమైనది. తెలిసిన పదములు రెండు దొరికినవి: 2ఎన్3055 అను ట్రాన్సిస్టరు, 723 అను పదునాలుగు కాళ్ల నియంత్రకము. ఈ రెండింటి లక్షణపత్రములు నేటికిని సులభముగ లభించును.

కొలతలు ఆరంభించితిమి. ట్రాన్స్‌ఫార్మరు నుండి 24 వోల్టులు వచ్చుచుండెను. దానిని 1.414 చేత హెచ్చించి డయోడుల వంతు తీసివేసినచో కెపాసిటరు వద్ద సుమారు 32 ఉండవలెను, ఉండెను. ట్రాన్సిస్టరును విప్పి చూడగా అది నిర్దోషి. 723 యొక్క ఏడవ కాలి నుండి ఆరవ కాలికి కొలువగా 7.15 వోల్టులు, అదియు సరియే. ఐదవ కాలికి ఈ 7.15 అందుచుండెను. నాల్గవ కాలికి బయటి వోల్టేజిలో నొక భాగము అందవలెను. ఈ రెండింటిని సమానముగ నుంచుటయే నియంత్రకుని ధర్మము. కాని నాల్గవ కాలివద్ద సున్న యుండెను.

రాజు చారచక్షుడని పెద్దలందురు. వేగులవార్త యందని రాజు రాజ్యమున ధాన్యము లేదనుకొని కొట్లన్నియు తెఱపించినట్లు, ఈ నియంత్రకము బయట వోల్టులే లేవనుకొని ద్వారమును పూర్తిగ తెఱచివేసినది. వార్త తెచ్చు దారిలో నున్నది ముఖముమీది పిడియే. దాని లోపలి స్పర్శ ఉప్పుగాలికి చిలుమెక్కి తెగిపోయినది. శిక్ష మాత్రము ట్రాన్సిస్టరునకు పడినది!

మేము వ్రాసిన పటము నిజమని నమ్ముటెట్లు? పిడి 5 కిలో ఓములు. దాని క్రింది నిరోధకము 2 కిలో ఓములు. అయిదును రెండు చేత భాగించి ఒకటి కలిపిన 3.5 అగును. దానిచేత 7.15ను హెచ్చింపగా 25 వచ్చును. పిడి సున్నవద్ద నున్నపుడు 7.15 మాత్రమే మిగులును. ముఖముపైనున్న అంకెలును 7, 25 కదా! అన్వయము కుదిరినదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల? క్రొత్త పిడి వేసి, లారీదీపపు 24 వోల్టుల బల్బును భారముగ తగిలించి త్రిప్పి చూడగా యంత్రము చెప్పినట్లు వినినది.

ఈ పద్ధతి మన సీమకు క్రొత్త గాదు. శ్రీకాకుళము జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్వబూనినపుడు వారికి ఆధారముగ వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. సవరలు మాటలాడుచుండగా విని, తెలిసిన మాటనుండి తెలియని మాటకు పోయి, నియమము నూహించి, ఆ నియమము మఱియొక వాక్యమున నిలుచునో లేదో చూచిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చైనవి. నా యీ గ్రాంథికము వారికి రుచించెడిది గాదు. అయినను వారి పద్ధతికి నేను శిష్యుడనే.

పంతులుగారు తాము తెలిసికొన్న దానిని తమతోనే పోనీయలేదు. వ్రాసి పెట్టిరి. కావున యంత్రమును బాగుచేయు యువకులకు నా విన్నపమొక్కటి. మీరు గీసిన పటమును, చూచిన వోల్టులను, మార్చిన భాగమును, తేదీని ఒక కాగితముపై వ్రాసి మూత లోపలివైపున అంటింపుడు. 2018 అక్టోబరు 11న పలాస చెంత తీరము దాటిన తిత్లీ వంటి తుపానులు మరల రావచ్చును. ఉప్పుగాలి యెన్నడును మానదు. ఆ యంత్రము మరల చెడును. అప్పుడు మూత తీయువానికి మూలముతోపాటు వ్యాఖ్యయు దొరకును.

సెలవు.